ఎన్ని రెఫరెన్సులు చాలు?

డిగ్రీ విద్యార్థులు సెమిస్టరు చివర సమర్పించే పేపరుకు సంబంధించిన సూచనల పత్రాన్ని సవరించడానికి ఈమధ్య మా విభాగంలో సమావేశమయ్యాం. ఇప్పటివరకు ఉన్న నియమం ప్రకారం పేపరు చివర కనీసం 10 రెఫరెన్సులు ఉండాలి. ఆ సంఖ్యను 20కి పెంచాలనీ, వాటిలో సగానికి పైగా గత ఐదేళ్లలో జర్నళ్లలో వచ్చిన వ్యాసాలే కావాలనీ ఒక సహాధ్యాపకుడు ప్రతిపాదించారు. పేపర్ల స్థాయి పడిపోతోందన్నది ఆయన ఆవేదన. అందులో నాకు భిన్నాభిప్రాయం లేదు. అయితే స్థాయి పడిపోవడానికి ఆ సంఖ్య కూడా ఒక ముఖ్యకారణమనీ, కనీస సంఖ్యను తీసేసి గరిష్ఠ పరిమితి పెట్టాలనీ నేనన్నాను. ఐదు మూలాలకు మించి వాడకూడదు, వాడిన ఐదింటినీ మొదటినుంచి చివరిదాకా చదివి ఉండాలి. గదిలో కొందరు నవ్వారు.

నవ్వినవారిని తప్పుపట్టను. పరిశోధన అంటే ఎక్కువ చదవడమని నమ్ముతూ పెరిగినవాళ్లం కనుక, ఐదే చదవమనడం విద్యార్థికి పని తగ్గించడంలా వినిపిస్తుంది. నేను చూసినంతలో అది పని పెంచుతుంది. ఎందుకో చెప్పాలంటే, ఆ సంఖ్య చేతికి రాగానే విద్యార్థి ఏం చేస్తాడో ముందు చూడాలి.

సంఖ్య పెట్టినప్పుడు జరిగేది

పేపరు ప్రకటించగానే తరగతిలో వినిపించే మొదటి ప్రశ్న, “మేడమ్, ఎన్ని పేజీలు?” రెండోది, “ఎన్ని రెఫరెన్సులు?” ఈ రెండింటికీ జవాబు దొరికాక విద్యార్థికి పని స్వరూపం తేటతెల్లమైపోతుంది. విషయం గురించి తనకు పైపైన తెలిసిన సంగతులతో పేపరంతా ముందే రాసేస్తాడు. ఆ తరువాత ఒక్కో వాక్యం దగ్గర ఆగి, అందులోని నాలుగు మాటలను, పరిశోధన వ్యాసాలను వెదికిపెట్టే గూగుల్ స్కాలర్‌లో వెదికి, మొదటి పేజీలో కనబడినవాటిలో శీర్షిక అనుకూలంగా ఉన్న వ్యాసాన్ని ఎంచుకుని వాక్యం చివర బ్రాకెట్లో చేరుస్తాడు. రెఫరెన్సును కోరిన శైలిలో తయారుచేసి ఇచ్చే మీట అక్కడే ఉంటుంది కనుక వ్యాసాన్ని తెరవవలసిన అవసరం కూడా రాదు. మహా అయితే అబ్‌స్ట్రాక్టు, అంటే వ్యాసం మొదట్లో ఉండే క్లుప్త సారాంశం, చదువుతాడు. అభిప్రాయం ముందు స్థిరపడిపోయి, ఆధారం దాని వెనుక వచ్చి నిలబడుతుంది. చదివినదాన్ని బట్టి అభిప్రాయం మారే అవకాశం ఈ క్రమంలో ఎక్కడా లేదు.

ఒక విద్యార్థిని, పడుకునేముందు ఫోను చూడడం వల్ల నిద్ర చెడుతుందని రాసి, ఆ వాక్యానికి మూడు వ్యాసాలను ఆధారంగా చూపింది. వాక్యాలు సాఫీగా ఉన్నాయి, రెఫరెన్సుల్లో ఒక్క కామా కూడా తప్పు పోలేదు. మూడింటిలో మొదటిదాన్ని చూపించి, “ఇందులో నిద్రను ఎలా కొలిచారమ్మా?” అని అడిగాను. ఆ అమ్మాయి నిజంగానే ఆశ్చర్యపోయి, “అది కూడా రాస్తారా మేడమ్ అందులో?” అంది. నిద్రను ఏదైనా పరికరంతో కొలిచారా, లేక ఎంతసేపు పడుకున్నారో వాళ్లనే అడిగి రాసుకున్నారా అన్నదాన్ని బట్టి ఆ వాక్యం విలువ మారిపోతుంది. ఫోను చూడడం వల్ల నిద్ర పట్టడం లేదా, లేక నిద్ర పట్టకనే ఫోను చూస్తున్నారా అన్న సందేహాన్ని ఆ వ్యాసం రాసినవాళ్లే చివరి చర్చలో లేవనెత్తారు కూడా. ఆ అమ్మాయి సోమరి కాదు, మోసగత్తె అంతకన్నా కాదు. ఒక పరిశోధన వ్యాసం లోపల ఏముంటుందో తెలియకుండానే మూడేళ్ల చదువు దాదాపు పూర్తిచేసింది. పేపరుకొక పది చొప్పున రెఫరెన్సులు ఇస్తూ వచ్చింది గనుక, ఆమెకు తెలియదన్న సంగతి మాకెవరికీ తెలియలేదు.

ఇందులో విద్యార్థి నిజాయితీ కన్నా ముందు లెక్క చూడవలసి ఉంది. పరిశోధన వ్యాసాలను ఎలా చదవాలో వివరిస్తూ ఎస్. కేశవ్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త 2007లో ఒక చిన్న వ్యాసం రాశారు. ఆయన చదవడాన్ని మూడు విడతలుగా విభజించారు. మొదటి విడతలో శీర్షికలు, పరిచయం, ముగింపు చూసి ఐదు పది నిమిషాల్లో వ్యాసం దేని గురించో తెలుసుకోవచ్చు. మూడో విడతలో వ్యాసకర్తల స్థానంలో తానుండి, ఆ పని మళ్లీ చేస్తున్నట్టుగా చదవాలి. కొత్తవారికి దానికి నాలుగైదు గంటలు పట్టవచ్చని ఆయన అంచనా. ఆ లెక్కన 20 వ్యాసాలకు 80 నుంచి 100 గంటలు కావాలి. నాలుగైదు సబ్జెక్టులు, పరీక్షలు, ప్రాక్టికల్స్ ఉన్న సెమిస్టరులో ఒక్క పేపరుకు అన్ని గంటలు ఎక్కడినుంచి వస్తాయో ఎవరూ చెప్పరు. చేయలేని పనిని నియమంగా పెట్టి, చేసినట్టు కనిపిస్తే మార్కులు వేస్తున్నప్పుడు, విద్యార్థి నేర్చుకునేది చేసినట్టు కనిపించడాన్నే.

పెద్దలు నడిచిన దారి

ఇది విద్యార్థులకే పరిమితమైన జబ్బయితే ఇంత రాయవలసిన పనిలేదు. 2003లో సిమ్‌కిన్, రాయ్‌చౌధురి అనే ఇద్దరు పరిశోధకులు ఒక తమాషా పద్ధతిలో ఈ విషయాన్ని పరిశీలించారు. భౌతికశాస్త్రంలో పేరుపొందిన ఒక వ్యాసాన్ని అప్పటికి ఇతరులు తమ వ్యాసాల్లో 4,300 సార్లు రెఫరెన్సుగా ఉదహరించారు. వాటిలో 196 ఉదహరింపుల్లో సంపుటి సంఖ్యో, పుట సంఖ్యో తప్పుగా అచ్చయింది. ఆ 196 తప్పుల్లో వేర్వేరు తప్పులు 45 మాత్రమే. ఒకే తప్పు పుట సంఖ్య 78 సార్లు కనిపించింది. మూలాన్ని తెరిచి చూసుకుని రాసుకున్న 78 మందికి సరిగ్గా అదే అంకె తప్పు పడడం జరిగేపని కాదు. ఒకరి జాబితా నుంచి మరొకరు దించుకుంటూ పోయారు. ఈ లెక్కల ఆధారంగా, ఉదహరించినవారిలో సుమారు 20 శాతం మందే మూలాన్ని చదివి ఉంటారని వాళ్లు అంచనా కట్టారు.

ఈ అంచనాను నేను అంత నిశ్చింతగా ఒప్పుకోలేను. మూలాన్ని చదివినవాడు కూడా, టైపు చేసే శ్రమ తప్పుతుందని మరొకరి జాబితా నుంచి వివరాలను దించుకుని ఉండవచ్చు. తప్పు అంకె నకలు చేశారని రుజువైంది కాబట్టి చదవలేదని కూడా రుజువైనట్టు కాదు. 20 శాతమన్న సంఖ్యను పక్కన పెట్టినా, జాబితాలు జాబితాల నుంచి పుడుతున్నాయన్న సంగతి మాత్రం నిలుస్తుంది.

దీనికన్నా విచిత్రమైనది అసలు లేని వ్యాసానికి వచ్చిన కీర్తి. ఒక పెద్ద ప్రచురణ సంస్థ రచయితలకిచ్చే నమూనా పత్రంలో, రెఫరెన్సును ఎలా రాయాలో చూపడానికి ముగ్గురు రచయితల పేర్లతో, 2000 సంవత్సరంతో, శాస్త్రీయ వ్యాసరచన కళ అన్న అర్థం వచ్చే శీర్షికతో ఒక కల్పిత వ్యాసాన్ని ఉదాహరణగా ఇచ్చారు. అలాంటి వ్యాసమూ లేదు, అలాంటి జర్నలూ లేదు. దాన్ని దాదాపు 400 వ్యాసాలు ఉదహరించాయని పీటర్ క్రూనెన్‌బర్గ్, ఆన్-విల్ హార్జింగ్ గమనించి 2017లో బయటపెట్టారు. చాలామంది నమూనా పత్రం మీదే తమ వ్యాసం రాసుకుంటూ ఆ వరుసను తొలగించడం మరిచిపోయి ఉంటారు. దాన్ని మోసమనడం అన్యాయమే అవుతుంది. కానీ రచయిత, సమీక్షకుడు, సంపాదకుడు ముగ్గురూ ఆ జాబితా మీదుగా దాటిపోయారంటే, ఆ జాబితా ఎవరూ చదవడానికి పెట్టింది కాదని ముగ్గురికీ తెలుసునన్నమాట.

నవ్వుకుని వదిలేయడానికి వీల్లేని ఉదంతం కూడా ఒకటుంది. 1980లో ఒక ప్రసిద్ధ అమెరికన్ వైద్య పత్రికలో జేన్ పోర్టర్, హెర్షెల్ జిక్ ఐదే ఐదు వాక్యాల ఉత్తరం రాశారు. ఆస్పత్రిలో చేరి నార్కోటిక్ (ఓపియాయిడ్, అంటే నల్లమందు తరహా నొప్పి నివారణ) మందులు తీసుకున్న 11,882 మంది రోగుల్లో, అంతకుముందు వ్యసనం లేనివారిలో, సరైన ఆధారాలతో నమోదైన వ్యసనం కేసులు నాలుగే కనిపించాయన్నది దాని సారాంశం. ఆ రోగులంతా ఆస్పత్రి పర్యవేక్షణలో ఉన్నవారు. ఇంటికి వెళ్లాక నెలల తరబడి మాత్రలు వాడేవారి గురించి ఆ ఉత్తరం ఏమీ అనలేదు. 2017లో కెనడా పరిశోధకులు లెక్కచూస్తే, ఆ ఉత్తరాన్ని 608 సార్లు ఉదహరించారని తేలింది. వాటిలో 72 శాతం, ఈ మందులతో వ్యసనం అరుదని చెప్పడానికి దాన్ని సాక్ష్యంగా వాడాయి. అది ఆస్పత్రి రోగుల సంగతి అన్న ముక్కను దాదాపు 81 శాతం ప్రస్తావించనే లేదు. అమెరికాలో ఓపియాయిడ్ మందుల వ్యసనం ప్రాణాలు తీసే విపత్తుగా మారడానికి కారణాలు అనేకం. ఒక ఉత్తరం మీద ఆ భారమంతా మోపలేం. అయినా ఐదు వాక్యాలు చదవడానికి ఒక నిమిషం పట్టదు కదా అన్న ఆలోచన నన్ను వదలదు. గత ఐదేళ్ల వ్యాసాలే వాడాలన్న నియమం పెడితే 2010లో రాసే విద్యార్థి ఆ 1980 నాటి ఉత్తరం దాకా వెళ్లేవాడే కాదు. దాన్ని ఉదహరించిన ఏ 2008 నాటి వ్యాసాన్నో ఉదహరించి, నియమాన్ని తు.చ. తప్పకుండా పాటించినట్టయ్యేవాడు.

పాలకూర గురించి కూడా చెప్పాలి. పాలకూరలో ఇనుము పదిరెట్లు ఎక్కువన్న అపోహ ఒక దశాంశ బిందువు పొరపాటు వల్ల పుట్టిందని 1981లో టెరెన్స్ హాంబ్లిన్ ఒక బ్రిటిష్ వైద్యపత్రికలో రాశారు. అజాగ్రత్తగా మూలాలను నమ్మితే ఏమవుతుందో చూపడానికి ఆ కథను ఆ తరువాత ఎందరో వాడుకున్నారు. చాలాకాలానికి మైక్ సటన్ అనే పరిశోధకుడు వెదికితే, ఆ దశాంశ బిందువు కథకే ఆధారం దొరకలేదు. మూలాన్ని చూసుకోండి అని హెచ్చరించినవాళ్లే మూలాన్ని చూసుకోలేదు. నేను కూడా ఈ కథను తరగతిలో వాడతాను, రెండో సగంతో సహా.

ఎదురైన వాదనలు

నా సహాధ్యాపకుడి వాదన బలమైనదే. కనీస సంఖ్య లేకపోతే విద్యార్థి ఒకే పుస్తకం పట్టుకుని, దాన్నే కుదించి ఇస్తాడని ఆయన అన్నారు. ఒక విషయం మీద పండితుల మధ్య భేదాభిప్రాయాలు ఉంటాయని తెలియాలంటే ఒకటి రెండు చదివితే చాలదు. పైగా, పరిమితి ఐదని పెడితే ఐదూ ఒకే మాట చెప్పేవి ఏరుకొస్తారు. ఇందులో మొదటి భాగానికి నా దగ్గర సమాధానముంది. ఒకే పుస్తకాన్ని కుదించేవాడు ఆ పుస్తకాన్నైనా చదువుతాడు. 20 శీర్షికలు అతికించేవాడు ఏదీ చదవడు. రెండో భాగానికి, ఐదింటిలో ఒకటి తప్పనిసరిగా విద్యార్థి వాదనకు వ్యతిరేకమైనదై ఉండాలన్న షరతు పెట్టవచ్చు. అయితే అన్ని విషయాల్లో వ్యతిరేక పక్షం గౌరవనీయంగా ఉండదు. తేలిపోయిన విషయం మీద కూడా వ్యతిరేకి కావాలంటే పనికిమాలిన వ్యాసాన్ని తెచ్చి కూర్చోబెడతారు. కాబట్టి షరతును కొద్దిగా మార్చాను. ఐదింటిలో ఒకటి, విద్యార్థి అభిప్రాయానికి ఏదో ఒక ఇబ్బంది కలిగించేదై ఉండాలి, ఆ ఇబ్బంది ఏమిటో అతను రాయాలి.

ఇంకొక సహోద్యోగి మరో కోణం నుంచి అడ్డుపడ్డారు. అనుభవమున్న పరిశోధకులు కూడా అన్నీ పూర్తిగా చదవరు, తిరగేస్తారు, వదిలేస్తారు, అవసరమైన పట్టిక దగ్గర మాత్రమే ఆగుతారు. ఆ నేర్పు విద్యార్థికి రావద్దా అన్నారు. రావాలి. ఏ వ్యాసం పనికొస్తుందో పది నిమిషాల్లో తేల్చుకోవడం నిజంగా నేర్చుకోదగ్గ విద్య. అందుకే వెదికే దశలో ఎన్ని చూడాలన్నదానికి నేను హద్దు పెట్టడం లేదు. ముప్పై తెరిచి చూసి ఇరవై ఐదు పక్కన పెట్టవచ్చు. ఎందుకు పక్కన పెట్టాడో ఒక్కో వాక్యం రాసినా సంతోషమే. ఎంచుకోవడానికి తిరగేయడం సరిపోతుంది, సాక్ష్యంగా నిలబెట్టడానికి సరిపోదు. ఈ రెండు దశలనూ ఒకే జాబితాలో కలిపేయడం వల్లే తిరగేసినవన్నీ సాక్షులై కూర్చుంటున్నాయి.

నేను సులభంగా జవాబివ్వలేకపోయిన అభ్యంతరం ఒక విద్యార్థి నుంచి వచ్చింది. “అబ్‌స్ట్రాక్టు తప్ప మిగతాది డబ్బు కట్టమంటోంది మేడమ్, ఎలా చదవమంటారు?” అన్నాడు. నిజమే. అబ్‌స్ట్రాక్టుతో సరిపెట్టుకోవడాన్ని సోమరితనమని కొట్టిపారేసే మనం, చందా కట్టిన గ్రంథాలయం వెనుక ఉన్నామన్న సంగతి మరిచిపోతుంటాం. భౌతిక, గణిత శాస్త్రాల్లో 1991 నుంచి ఆర్కైవ్ ఉంది, జీవవైద్య రంగంలో 2000 నుంచి పబ్‌మెడ్ సెంట్రల్ ఉంది, ఈ రెండు వెబ్‌సైట్లలోనూ వ్యాసాలు పూర్తి పాఠంతో ఉచితంగా దొరుకుతాయి. మిగతా రంగాల్లో కూడా చాలామంది రచయితలు తమ వ్యాసం ప్రతిని సొంత పేజీలో ఉంచుతారు, మర్యాదగా ఈమెయిల్ రాస్తే పంపేవారూ ఉన్నారు. ఇవన్నీ చెప్పినా కొన్ని వ్యాసాలు దొరకవు. ఇరవై వ్యాసాలు పూర్తి పాఠంతో సంపాదించడం కన్నా ఐదు సంపాదించడం తేలిక అన్న మాట నా ప్రతిపాదనకే అనుకూలం. కానీ ఐదింటిలో అత్యవసరమైన ఒక్కటి దొరకకపోతే? అబ్‌స్ట్రాక్టు మాత్రమే చదివానని ఆ రెఫరెన్సు పక్కనే రాయమన్నాను. చదవనిదాన్ని చదవలేదని ఒప్పుకోవడానికి ఒక చోటు ఉంటే, దాచుకోవలసిన అవసరం కొంతైనా తగ్గుతుంది.

అన్ని సబ్జెక్టులకూ ఐదు అన్న అంకె నప్పదు. చరిత్ర పేపరులో ఒకే కాలానికి చెందిన ఉత్తరాల కట్టను చదివితే దాన్ని ఒక మూలంగా లెక్కించాలా, యాభైగానా? ప్రయోగశాల నివేదికకు రెండు చాలు. పరిశోధన పట్టా కోసం రాసేవారి సంగతి వేరు, వాళ్లు ఆ రంగమంతా చుట్టిరావలసిందే. నా వాదన డిగ్రీ స్థాయి పేపరు వరకే.

రెండు వ్యాసాల మధ్య

ఐదింటిని పూర్తిగా చదివించాలన్న పట్టుదల నాకు కలగడానికి ఒక విద్యార్థి పేపరు కారణం. కాగితం మీద చదివితే ఎక్కువ అర్థమవుతుందా, తెర మీద చదివితేనా అన్నది అతను ఎంచుకున్న విషయం. మామూలుగా ఈ విషయం మీద వచ్చే పేపర్లు ముందే ఊహించగలిగేలా ఉంటాయి. కాగితానికి నాలుగు మంచి మాటలు, తెరకు నాలుగు, చివర రెండూ అవసరమే అన్న తీర్పు. ఇతనికి తక్కువ చదవడానికి నేను అనుమతి ఇచ్చాను, నెమ్మదిగా చదవాలన్న షరతుతో.

అతను చదివినవాటిలో ఒకటి 2011లో అకర్మన్, గోల్డ్‌స్మిత్ చేసిన ప్రయోగం. పాఠకులకు నిర్ణీత సమయమిచ్చినప్పుడు తెరకూ కాగితానికీ తేడా కనిపించలేదనీ, ఎంతసేపు చదవాలో వాళ్లకే వదిలేసినప్పుడు తెర మీద చదివినవారు వెనకబడ్డారనీ అందులో ఉంది. రెండోది 2018లో డెల్గాడో బృందం 54 అధ్యయనాలను కలిపి చేసిన విశ్లేషణ. మొత్తం మీద కాగితానికే మొగ్గు కనిపించిందనీ, సమయానికి హద్దు ఉన్నప్పుడు ఆ మొగ్గు మరింత పెరిగిందనీ అది చెబుతుంది. కాగితం మేలు అన్న వాక్యానికి ఈ రెండింటినీ పక్కపక్కన బ్రాకెట్లో పెట్టేయవచ్చు, చాలామంది పెడతారు కూడా. సమయం విషయానికి వచ్చేసరికి మాత్రం అవి రెండూ ఎదురెదురు దిక్కులకు చూస్తున్నాయి.

అతను నా గదికి వచ్చి, “మేడమ్, వీళ్లిద్దరిలో ఒకరు తప్పయి ఉండాలి కదా?” అన్నాడు. అతని గొంతులో విసుగుంది. పేపరు గడువు దగ్గరపడుతోంది. వెంటనే తప్పొప్పులు తేల్చవద్దనీ, సమయానికి హద్దు అన్నమాటను ఒక్కొక్కరు ఎలా వాడారో చూడమనీ చెప్పాను. ఒక ప్రయోగంలో, ఒకే రకం పాఠకులకు రెండు పరిస్థితులు కల్పించి పోల్చడం వేరు. ఎక్కడెక్కడో ఎవరెవరో చేసిన అధ్యయనాలను, సమయం పరిమితం చేసినవి, చేయనివి అని రెండు కుప్పలుగా పోసి పోల్చడం వేరు. ఆ రెండు కుప్పల మధ్య సమయం ఒక్కటే కాదు, ఇంకా ఎన్నో తేడాలు ఉండవచ్చు. ఈ సంగతి అతను తనంతట తానే, రెండు పుటల్లో, కొంచెం తడబడుతూ రాశాడు. ఆ సెమిస్టరులో నేను చదివిన పేపర్లలో ప్రశ్న అంటూ ఉన్నది అదొక్కటే. అతను పేపరు మొదలుపెట్టినప్పుడు ఆ ప్రశ్న లేదు. అంశాన్ని ముందే నమోదు చేయించి, వారంలోగా పరికల్పన రాసిమ్మని మనం విద్యార్థులను తరుముతుంటాం కానీ, ప్రశ్న చాలాసార్లు చదువు మధ్యలో, రెండు వాక్యాలు ఒకదానికొకటి పొసగని చోట పుడుతుంది. శీర్షికలు ఎన్ని చదివినా అవి పొసగకపోవడమన్నది కనబడదు.

నోట్సు రాసుకోవడం గురించి కూడా ఇక్కడే చెప్పాలి. తన అభిప్రాయానికి విరుద్ధమైన విషయం కనబడితే వెంటనే రాసిపెట్టుకునేవాడినని డార్విన్ తన ఆత్మకథలో చెప్పుకున్నాడు. అనుకూలమైనవాటికన్నా అలాంటివే జ్ఞాపకం నుంచి త్వరగా జారిపోతాయని ఆయన అనుభవం. విద్యార్థుల నోట్సులో నేను వెదికేది అదే. పసుపురంగు గీతలు పడిన చోట్లన్నీ వాళ్లకు ముందే నచ్చిన వాక్యాలు. ఇబ్బంది పెట్టే వాక్యం పక్కన ఏ గుర్తూ ఉండదు. పుట సంఖ్యతో సహా, సొంత మాటల్లో, ఇది నాకు నప్పలేదు అని రాసుకున్న ఒక్క వరుస ఉన్న నోట్సు కనబడితే ఆ పేపరు బాగుంటుందని దాదాపుగా చెప్పేయగలను.

యంత్రం ఇచ్చే జాబితా

2022 నవంబరు 30న చాట్‌జీపీటీ వచ్చాక ఈ చర్చ మరో మలుపు తిరిగింది. లేని వ్యాసాలను, ఉన్న రచయితల పేర్లతో, నమ్మదగ్గ శీర్షికలతో అది కల్పించగలదని త్వరలోనే అందరికీ తెలిసింది. 2023 జూన్‌లో న్యూయార్క్‌లోని ఒక ఫెడరల్ కోర్టు, అలా పుట్టిన లేని తీర్పులను తమ వాదనలో ఉదహరించిన న్యాయవాదులకు 5,000 డాలర్ల జరిమానా విధించింది. దీన్ని చూపించి మా విభాగంలో కొందరు, రెఫరెన్సులు నిజంగా ఉన్నాయో లేవో తనిఖీ చేస్తే సరిపోతుందంటున్నారు. వ్యాసానికి ప్రత్యేకంగా ఇచ్చే గుర్తింపు సంఖ్య డీఓఐ పెట్టి చూస్తే ఉన్నదీ లేనిదీ క్షణంలో తేలుతుంది, అది మంచి పనే. అయితే వ్యాసం ఉన్నంత మాత్రాన విద్యార్థి దాన్ని చదివాడని తేలదు. ఒకప్పుడు పది రెఫరెన్సులంటే కనీసం గ్రంథాలయానికి వెళ్లి, బీరువాలు వెదికి, పది పుస్తకాలు చేత్తో తాకాడన్న రుజువైనా ఉండేది. ఇప్పుడు ఇరవై నిజమైన రెఫరెన్సులు తయారుకావడానికి ఒక నిమిషం చాలు. శ్రమకు కొలమానంగా పెట్టిన సంఖ్య, శ్రమ లేకుండా వస్తున్నప్పుడు దేన్ని కొలుస్తోంది?

అదే యంత్రం నేను అడిగే అరపేజీ నోట్సు కూడా రాసిపెడుతుంది కదా అని మీరు అడగవచ్చు. రాసిపెడుతుంది. అందుకే రాతను మాత్రమే నమ్ముకోవడం లేదు.

దిద్దేవారి సమయం, తేలని ముగింపు

నా ప్రతిపాదన క్లుప్తంగా ఇది. ఐదుకు మించని మూలాలు. ఒక్కోదానికి అరపేజీలో, వ్యాసకర్తలు అడిగిన ప్రశ్న ఏమిటి, ఎవరి మీద, ఎలా పరిశీలించారు, ఎక్కడ అనుమానం మిగిలింది అన్న వివరాలు. పేపరు ఇచ్చాక ఐదు నిమిషాల వైవా, ఆ ఐదింటిలో అధ్యాపకుడు ఎంచుకున్న ఒకదాని మీద.

60 మంది తరగతికి ఐదు నిమిషాల చొప్పున ఐదు గంటలవుతుంది. ఆ ఐదు గంటలు ఎక్కడివని అడిగారు. రెఫరెన్సుల శైలిని దిద్దడానికి మనం పెడుతున్న గంటల్లోంచి తీసుకుందామన్నాను. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ పేరుతో ఉన్న, రెఫరెన్సులు రాసే ఏపీఏ శైలి 1929లో ఒక పత్రికలో ఏడు పుటల వ్యాసంగా మొదలైంది. 2019లో వచ్చిన ఏడో కూర్పు 400 పుటలు దాటింది. ఆ నియమాలకు వాటి ప్రయోజనం ఉంది. మూలం పాఠకుడికి తేలికగా దొరకాలి. కానీ ఇటాలిక్స్ తప్పినందుకు మార్కు తీసి, వ్యాసాన్ని చదవనందుకు ఏమీ తీయకపోతే, ఏది ముఖ్యమో మార్కుల జాబితాయే విద్యార్థికి చెప్పేస్తుంది. కామాలను చూసే పనికి ఇప్పుడు సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, అవే చూసుకోనీ.

వైవా గురించి నాకింకా ఒక సంకోచముంది. బాగా చదివి కూడా ఎదురుగా నిలబడి నోరు విప్పలేని విద్యార్థులు ప్రతి తరగతిలో ఉంటారు. ఏమీ చదవకుండా అనర్గళంగా మాట్లాడేవారూ ఉంటారు. వైవాలో మార్కులన్నీ రెండో రకానికి పోకుండా ఉండాలంటే, కావాలనుకున్నవారు ఆ వ్యాసాన్ని చేతిలో పెట్టుకుని, తరగతి గదిలోనే కూర్చుని, అడిగిన ఒక ప్రశ్నకు పావుగంటలో జవాబు రాసివ్వవచ్చన్న వెసులుబాటు కల్పించాలనుకుంటున్నాను. పుస్తకం చూసి రాసినా ఫరవాలేదు, ఎక్కడ చూడాలో తెలియడమే కదా మేం తెలుసుకోదలచింది.

అన్నిటికన్నా ఎక్కువ వాదన జరిగింది ముగింపు మీద. ఐదు వ్యాసాలను నెమ్మదిగా చదివినవాడు, ఇందులో ఎవరి మాట సరైనదో నేను తేల్చలేకపోయాను అని రాస్తే మార్కులు ఎలా వేస్తారని అడిగారు. శాస్త్రీయ వ్యాసం అన్న రూపమే ఆలోచన నిజంగా సాగిన తీరును దాచిపెడుతుందని నోబెల్ పొందిన జీవశాస్త్రవేత్త పీటర్ మెడవార్ 1963లో ఒక రేడియో ప్రసంగంలో విమర్శించారు. వెతుకులాట, తప్పుదారులు, అనుమానాలు అన్నీ తుడిచేసి, తిన్నగా నడిచి వచ్చినట్టు రాస్తామన్నది ఆయన ఫిర్యాదు. నోబెల్ గ్రహీతలే చేస్తున్న ఆ పనిని డిగ్రీ విద్యార్థి చేత కూడా చేయించడం ఎందుకన్నది నా ప్రశ్న. తేల్చలేకపోయాను అన్న ముగింపును నేను ఒప్పుకుంటాను, నిరాకరిస్తాను కూడా. చదవకపోవడం వల్ల తేలకపోవడం ఒకటి, చదివినందువల్ల తేలకపోవడం ఒకటి. రెండోదానికి పూర్తి మార్కులు వేయడానికి నాకు అభ్యంతరం లేదు. దానికి ఒకటే షరతు పెట్టాను. ఇంకే సమాచారం దొరికితే తేలేదో ఆ విద్యార్థి ఒక పేరాలో రాయాలి. మా సహాధ్యాపకుడు ఆ ఒక్క షరతును మాత్రం తన తరగతిలో ఈ సెమిస్టరు నుంచే పెడతానన్నారు, 20 రెఫరెన్సులతో పాటు.